గ్రాఫ్ చూసి ఇంగ్లిష్‌లో రాయడం: ‘రోజ్ టు’, ‘రోజ్ బై’ దగ్గరే తప్పులు, ఎలా సరిచేసుకోవాలి?

వెన్నెల_22:

నమస్కారం అండి. ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష) అకడమిక్ రాతపరీక్షలో మొదటి ప్రశ్న కోసం సాధన చేస్తున్నాను. గ్రాఫ్ చూస్తే సంగతి అర్థమవుతోంది. తెలుగులో అడిగితే తడుముకోకుండా చెప్పగలను. ఇంగ్లిష్‌లో రాయబోతే మాత్రం ప్రతి వాక్యంలో ఏదో ఒకటి తేడా కొడుతోంది.

సాధన కోసం కల్పించుకున్న లెక్కలు కింద ఇస్తున్నాను. ఒక గ్రంథాలయం నుంచి పాఠకులు ఏడాదిలో తీసుకెళ్లిన పుస్తకాలు, వేలల్లో:

అచ్చు పుస్తకాలు: 2000లో 40, 2005లో 60, 2010లో 90, 2015లో 88, 2020లో 45.
ఈ-బుక్స్: 2000లో 2, 2005లో 5, 2010లో 10, 2015లో 30, 2020లో 60.

దీనికి రాసింది ఇది:

“ది గ్రాఫ్ ఈజ్ షోయింగ్ అబౌట్ బుక్స్. ఇన్ 2000 ప్రింట్ బుక్స్ వర్ 40 థౌజండ్స్ అండ్ ఇట్ వాజ్ రెయిజ్డ్ టు 50 థౌజండ్స్ ఇన్ 2010. దెన్ ఇట్ రీచ్డ్ టు పీక్. బిట్వీన్ 2010 టు 2015 ఇట్ వాజ్ స్టేబుల్. ఆఫ్టర్ దట్ ఇట్ గ్రాడ్యువల్లీ ప్లమ్మెటెడ్ 45 థౌజండ్స్. ఈ-బుక్స్ ఆర్ ఇంక్రీజ్డ్ టూ టైమ్స్ ఫ్రమ్ 2015 టు 2020.”

టు, బై, ఎట్, ఆఫ్ అనే నాలుగింటిలో ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు. ‘పెరిగింది’ అనడానికి ముప్పై నలభై మాటల జాబితాలు దొరుకుతున్నాయి, అవన్నీ బట్టీ పట్టాలా? ఇంకోటి, ఇంత రాసినా అడిగిన 150 పదాలు కావడం లేదు. దయచేసి తప్పులు విడమరిచి చెప్పండి.

ఎర్రకలం:

వెన్నెల గారూ, తెలుగులో తడుముకోకుండా చెప్పగలనన్నారు కదా, మందు అక్కడే ఉంది. టు, బై తేడా మీరు తెలుగులో రోజూ పాటిస్తున్నదే. ‘90 వేలకు పెరిగింది’ అంటే చేరిన చోటు చెప్పాం. ‘50 వేలు పెరిగింది’ అంటే పెరిగిన మేర చెప్పాం. అంకె చివర ‘కు’ వస్తే టు, రాకపోతే బై. రాసేముందు ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకుని ‘కు’ వినబడిందో లేదో చూసుకోండి.

మీ రెండో వాక్యంలో ఇదే దెబ్బతింది. 40 నుంచి 90కి వెళ్తే పెరిగిన మేర 50. మీరు ‘టు 50’ అని రాశారు. చదివేవారికి 2010లో తీసుకెళ్లినవి 50 వేలేనని అర్థమవుతుంది. ఇది చిన్న వ్యాకరణ దోషంలా కనిపిస్తుంది గానీ నిజానికి తప్పుడు లెక్క ఇచ్చినట్టు. అందుకే మిగతా తప్పులన్నింటికన్నా ముందు దీన్ని వదిలించుకోవాలి. ‘ప్లమ్మెటెడ్ 45 థౌజండ్స్’ అన్నచోట అసలు ఏ మాటా పెట్టలేదు. 45 వేలకు పడిందా, 45 వేలు పడిందా అన్నది తేలదు. అక్కడ ‘టు’ ఉండాలి.

మిగతావీ ఇంతే. తెలుగులో ‘దగ్గర’ అనిపిస్తే ఎట్: 90 వేల దగ్గర గరిష్ఠాన్ని తాకింది అంటే ‘పీక్డ్ ఎట్ 90 థౌజండ్’, 40 వేల దగ్గర ఉంది అంటే ‘స్టుడ్ ఎట్ 40 థౌజండ్’. పెరుగుదల అని నామవాచకంగా రాస్తే రెండు దారులు. దేనిలో పెరుగుదల అన్నదానికి ఇన్, ఎంత పెరుగుదల అన్నదానికి ఆఫ్. ‘ఎ రైజ్ ఆఫ్ 50 థౌజండ్ ఇన్ ది నంబర్ ఆఫ్ ప్రింట్ బుక్స్’. ఇన్ తర్వాత విషయం, ఆఫ్ తర్వాత అంకె. ముందున్న ‘ఎ’ మన భాషలో లేదు కాబట్టి చేతికి రాదు. రైజ్, ఫాల్, పీక్, డ్రాప్ నామవాచకాలుగా వచ్చిన ప్రతిచోటా దాని కోసం ఒకసారి వెతకండి.

తెలుగు మనల్ని మోసం చేసే చోటు ఒకటి ఉంది: రీచ్. ‘90కి చేరింది’ అంటాం కాబట్టి ‘రీచ్డ్ టు’ వచ్చేస్తుంది. రీచ్ అనే క్రియలోనే ఆ ‘కి’ కలిసిపోయి ఉంది. ‘రీచ్డ్ 90 థౌజండ్’ అనాలి, లేదా ‘రీచ్డ్ ఎ పీక్ ఆఫ్ 90 థౌజండ్’. ఇంకో సంగతి, మీరు 2010 దాటాక ‘దెన్’ అని గరిష్ఠానికి చేర్చారు. గరిష్ఠం 2010లోనే వచ్చింది.

ఇక ‘వాజ్ రెయిజ్డ్’. పెరుగు, పెంచు అని మనకు రెండు క్రియలున్నాయి. తనంతట తాను పెరిగితే రైజ్ (రోజ్, రిజన్), ఎవరైనా పెంచితే రెయిజ్ (రెయిజ్డ్, రెయిజ్డ్). రుసుము పెంచారు అన్నచోట ‘వాజ్ రెయిజ్డ్’ సరిపోతుంది. తీసుకెళ్లిన పుస్తకాల సంఖ్యను ఎవరూ చేత్తో పెంచలేదు, పెరిగింది. ఇంక్రీజ్ రెండు పనులూ చేస్తుంది. అందుకే ‘వాజ్ ఇంక్రీజ్డ్’ అని రాసేస్తారు, అప్పుడది ‘పెంచబడింది’ అవుతుంది. ఉత్త ‘ఇంక్రీజ్డ్’ చాలు. తగ్గు, తగ్గించు దగ్గరా అంతే: సంఖ్య తగ్గితే ఫెల్, ఎవరో తగ్గిస్తే రెడ్యూస్డ్.

పెరిగేది ఎవరు అన్నది కూడా చూడాలి. ‘ఈ-బుక్స్ ఇంక్రీజ్డ్’ అని కాదు, ‘ది నంబర్ ఆఫ్ ఈ-బుక్స్ బారోడ్ ఇంక్రీజ్డ్’ అనాలి. ‘ది గ్రాఫ్ రోజ్’ అనికూడా రాస్తుంటారు. గ్రాఫ్ కాగితం మీదే ఉంటుంది, పెరిగేది అది చూపించే సంఖ్య. లెక్కపెట్టగలిగేవాటికి నంబర్, నీళ్లు, విద్యుత్తు లాంటివాటికి అమౌంట్. ‘ప్రింట్ బుక్స్’ అని బహువచనం పెట్టి వెంటనే ‘ఇట్’ అన్నారు. నంబర్‌ను కర్తగా పెట్టుకుంటే ఆ ఇబ్బందీ పోతుంది.

చిల్లర తప్పులు: ముందు అంకె ఉంటే థౌజండ్‌కు ‘స్’ రాదు. ఫ్రమ్ వస్తే జత టు, బిట్వీన్ వస్తే జత అండ్, వీటిని కలపకూడదు. ‘షోస్ అబౌట్’ లేదు. షోస్ తర్వాత నేరుగా విషయం రావాలి, అదీ ‘ఈజ్ షోయింగ్’ కాదు, ‘షోస్’.

గీత_గణితం:

ఎర్రకలం గారు చెప్పినదానికి తోడుగా మాటల ఎంపిక గురించి రాస్తాను.

‘గ్రాడ్యువల్లీ ప్లమ్మెటెడ్’ అంటే ‘మెల్లమెల్లగా దభీమని పడింది’ అన్నట్టు. జాబితాలు బట్టీ పట్టినప్పుడు వచ్చే తప్పు ఇదే. ఒక మార్పు గురించి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎంత, ఎంత వేగంగా. స్లైట్, మార్జినల్, కన్సిడరబుల్, సబ్‌స్టాన్షియల్ ‘ఎంత’కు జవాబులు. గ్రాడ్యువల్, స్టెడీ, రాపిడ్ ‘ఎంత వేగంగా’కు జవాబులు. షార్ప్ అంటే తక్కువ కాలంలో ఎక్కువ మార్పు, అందులో రెండూ ఉన్నాయి. మీ లెక్కల్లో 90 నుంచి 88 అంటే సుమారు 2 శాతం, కాబట్టి ‘స్లైట్లీ’. దాన్ని మీరు ‘స్టేబుల్’ అన్నా పెద్ద తప్పు కాదు, ‘ఆల్మోస్ట్ అన్‌చేంజ్డ్’ ఇంకా నయం. 88 నుంచి 45 అంటే దాదాపు 49 శాతం పతనం, కాబట్టి ‘షార్ప్లీ’.

ప్లమ్మెట్, ప్లంజ్, సోర్, రాకెట్ అనే క్రియల్లోనే వేగం ఉంది. వాటి పక్కన ‘షార్ప్లీ’ పెడితే చెప్పిందే చెప్పడం, ‘గ్రాడ్యువల్లీ’ పెడితే చెప్పినదాన్ని కొట్టేయడం. నన్నడిగితే ఈ నాలుగూ లేకుండానే మంచి జవాబు రాయవచ్చు. రైజ్, ఇంక్రీజ్, గ్రో, ఫాల్, డ్రాప్, డిక్లైన్, పీక్, ఫ్లక్చువేట్, లెవెల్ ఆఫ్, రిమెయిన్ స్టేబుల్. ఈ పదింటినీ క్రియగా, కుదిరినవాటిని నామవాచకంగా, సరైన విభక్తితో వాడగలిగితే నలభై మాటల జాబితా అక్కర్లేదు. ‘రోజ్ షార్ప్లీ’ అని ఒకసారి, ‘దేర్ వాజ్ ఎ షార్ప్ రైజ్ ఇన్’ అని ఒకసారి రాస్తే మాట మార్చినట్టే, వాక్యం తీరూ మారినట్టే.

లెవెల్ ఆఫ్, రిమెయిన్ స్టేబుల్ ఒకటి కావు. పెరుగుతూనో తగ్గుతూనో వచ్చి నిలకడకు చేరితే లెవెల్ ఆఫ్. కదలకుండా ఉండిపోతే రిమెయిన్ స్టేబుల్. బాటమ్ అవుట్ అంటే అట్టడుగుకు వెళ్లి ఇక పడడం ఆగిందని, చదివేవారు ఆ తర్వాత కోలుకోవడాన్ని ఆశిస్తారు. గ్రాఫ్ చివరి బిందువు దగ్గర, తర్వాత ఏం జరిగిందో కనబడనిచోట దాన్ని వాడవద్దు.

బిందువుల మధ్య ఏం జరిగిందో రాసేటప్పుడు ఒక హెచ్చరిక. మీ లెక్కలు ఐదేళ్లకొకసారి తీసినవి. రెండు బిందువుల మధ్య గీత తిన్నగా ఉందంటే ఆ మధ్యలో మార్పు తిన్నగా జరిగిందని కాదు, బిందువుల్ని కలిపారంతే. కాబట్టి అచ్చు పుస్తకాలను ఈ-బుక్స్ ‘2018లో దాటాయి’ అనడానికి లేదు. ‘ఎట్ సమ్ పాయింట్ బిట్వీన్ 2015 అండ్ 2020’ అంటే చాలు.

ఇప్పుడు రెట్లు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, తెలుగులో కూడా. ‘రెండు రెట్లు పెరిగింది’ అంటే 30 కాస్తా 60 అయిందా, లేక 30కి మరో 60 కలిసి 90 అయిందా? మనం మొదటి అర్థంలోనే వాడుతుంటాం గానీ మాటలో స్పష్టత లేదు. ఇంగ్లిష్‌లో ‘ఇంక్రీజ్డ్ టూ టైమ్స్’ అంటే ఇంకా దారుణం, రెండు సందర్భాల్లో పెరిగిందన్న అర్థం కూడా వస్తుంది. ‘డబుల్డ్’ అనండి, ఒక్క మాటతో తేలిపోతుంది. ఈ-బుక్స్ 2010 నుంచి 2015కి ‘ట్రిపుల్డ్’. అది శాతంలో 200 శాతం పెరుగుదల, 300 కాదు. 10కి 20 కలిసింది కదా, ఆ 20 అనేది 10కి 200 శాతం. 2 నుంచి 60కి ‘థర్టీఫోల్డ్’ అనడం లెక్క ప్రకారం సరే, కానీ మొదటి అంకె అంత చిన్నదైనప్పుడు రెట్లు చెబితే చదివేవారికి లేనిపోని భ్రమ కలుగుతుంది. ‘ఫ్రమ్ జస్ట్ 2 థౌజండ్ టు 60 థౌజండ్’ అని రెండు అంకెలూ ఇచ్చేయండి.

శాతాల గ్రాఫ్ వస్తే ఇంకో గొయ్యి. మీ లెక్కల్లోనే మొత్తంలో ఈ-బుక్స్ వాటా తీద్దాం. 2010లో 100కి 10, అంటే 10 శాతం. 2020లో 105కి 60, అంటే సుమారు 57 శాతం. వాటా ‘47 పర్సెంట్’ పెరిగిందని రాస్తే తప్పు. 10 శాతం మీద 47 శాతం పెరిగితే 14.7 అవుతుంది. రెండు శాతాల మధ్య తేడాను పర్సెంటేజ్ పాయింట్స్ అంటారు, కాబట్టి ఇక్కడ రాయాల్సింది ‘రోజ్ బై 47 పర్సెంటేజ్ పాయింట్స్’. ఆ మాట నోరు తిరగకపోతే ‘రోజ్ ఫ్రమ్ 10 పర్సెంట్ టు 57 పర్సెంట్’ అని తప్పించుకోవచ్చు, అదీ ఒప్పే. అంకె తర్వాత పర్సెంట్, అంకె లేనిచోట పర్సెంటేజ్. పర్సెంట్స్ అని రాయకూడదు.

నిలువుగీత:

పై ఇద్దరూ చెప్పనిది ఒకటి. గీత కిందికి దిగుతోందంటే సంఖ్య తగ్గుతోందని ప్రతిసారీ అర్థం కాదు. గ్రాఫ్ చూడగానే ముందు నిలువు అక్షం మీద ఏం రాశారో చదవండి: సంఖ్యా, శాతమా, వృద్ధి రేటా.

వెన్నెల గారి ఈ-బుక్స్ చూడండి. 2010-2015 మధ్య వృద్ధి 200 శాతం, 2015-2020 మధ్య 100 శాతం. వృద్ధి రేటును గ్రాఫ్‌గా గీస్తే గీత సగానికి పడుతుంది. అదే సమయంలో పుస్తకాలు మాత్రం మొదటి ఐదేళ్లలో 20 వేలు, తర్వాతి ఐదేళ్లలో 30 వేలు పెరిగాయి. ఆ గ్రాఫ్ చూసి ‘ది నంబర్ ఆఫ్ ఈ-బుక్స్ ఫెల్’ అని రాస్తే పూర్తిగా తలకిందులు. ‘ది గ్రోత్ రేట్ ఫెల్’ లేదా ‘గ్రోత్ స్లోడ్’ అనాలి. ద్రవ్యోల్బణం గ్రాఫ్‌లోనూ ఇదే తప్పు చేస్తారు. ద్రవ్యోల్బణం 6 నుంచి 4కి దిగితే ధరలు తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది.

నిలువు అక్షం సున్నా నుంచి మొదలైందో లేదో కూడా చూడాలి. 85 నుంచి 91 వరకే అక్షం గీస్తే, 90 నుంచి 88కి దిగడం కొండ మీంచి పడినట్టు కనిపిస్తుంది. విశేషణం కంటికి కనిపించిన వాలును బట్టి కాదు, అంకెను బట్టి ఎంచుకోవాలి.

కమ్మీ (బార్) గ్రాఫుల్లో ఒకే ఏడాదికి నాలుగు దేశాల లెక్క ఇచ్చారనుకోండి, అక్కడ పెరగడం తగ్గడం అనేవి లేవు. ఒక దేశం నుంచి పక్క దేశానికి కమ్మీ పొడుగైతే ‘రోజ్’ అని రాయకూడదు, ‘హయ్యర్ దాన్’ అని పోల్చాలి. ఒకే ఏడాది వాటాలను గుండ్రటి బొమ్మలో ముక్కలుగా చూపే ‘పై చార్ట్’ వస్తే, ఏది ఎంత వాటా అని చెప్పడానికి ‘అకౌంటెడ్ ఫర్’, ‘మేడ్ అప్’.

ఎర్రకలం:

150 పదాల సంగతి మిగిలిపోయింది. పదాలు చాలకపోవడానికి కారణం మీరు అసలు ముక్కే రాయకపోవడం: ఓవర్‌వ్యూ. మొత్తం మీద ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాల్లో, ఏళ్లు తప్ప వేరే అంకెలు లేకుండా చెప్పాలి. దిద్దేవారు మొదట వెతికేది దాన్నే, అది లేని జవాబుకు టాస్క్ అచీవ్‌మెంట్‌లో (అడిగిన పని ఎంతవరకు చేశారన్న అంశంలో) మంచి బ్యాండ్ (స్కోరు) రాదు. ఈ ప్రశ్నకు సూచించే సమయం 20 నిమిషాలు. అందులో మొదటి మూడు నాలుగు నిమిషాలు కలం ముట్టకుండా దీని గురించే ఆలోచించండి. ప్రతి గీతకూ మొదలు, చివర, గరిష్ఠం, గీతలు ఒకదాన్నొకటి దాటిన చోటు గుర్తుపెట్టుకుంటే ఓవర్‌వ్యూ దానంతటదే తయారవుతుంది. మీ గ్రాఫ్‌లో చాలామంది వదిలేసే సంగతి: అచ్చు పుస్తకాలు అంత పెరిగి, అంత పడి, చివరికి మొదలుపెట్టిన చోటికి కాస్త పైన నిలిచాయి. మీరు దాన్ని ఎక్కడా చెప్పలేదు.

ఇలా ఉండవచ్చు:

“ఓవరాల్, బారోయింగ్ ఆఫ్ ప్రింట్ బుక్స్ క్లైమ్డ్ టు ఎ పీక్ ఇన్ 2010 బట్ ఎండెడ్ ది పీరియడ్ ఓన్లీ స్లైట్లీ ఎబోవ్ ఇట్స్ స్టార్టింగ్ లెవెల్, వైల్ ఈ-బుక్స్ గ్రూ త్రూఅవుట్ అండ్ హాడ్ ఓవర్‌టేకెన్ ప్రింట్ బై 2020.

ది నంబర్ ఆఫ్ ప్రింట్ బుక్స్ బారోడ్ స్టుడ్ ఎట్ 40 థౌజండ్ ఇన్ 2000 అండ్ రోజ్ బై 50 థౌజండ్ ఓవర్ ది నెక్స్ట్ టెన్ ఇయర్స్, పీకింగ్ ఎట్ 90 థౌజండ్. ఇట్ వాజ్ ఆల్మోస్ట్ అన్‌చేంజ్డ్ ఇన్ 2015, ఎట్ 88 థౌజండ్, బిఫోర్ ఫాలింగ్ షార్ప్లీ టు 45 థౌజండ్, హాఫ్ ఇట్స్ పీక్, ఇన్ 2020.

ఇన్ కాంట్రాస్ట్, ది ఫిగర్ ఫర్ ఈ-బుక్స్, విచ్ వాజ్ ఓన్లీ 2 థౌజండ్ ఇన్ 2000, ట్రిపుల్డ్ ఫ్రమ్ 10 థౌజండ్ టు 30 థౌజండ్ బిట్వీన్ 2010 అండ్ 2015 అండ్ డబుల్డ్ ఓవర్ ది ఫాలోయింగ్ ఫైవ్ ఇయర్స్.”

దీనికి ముందు ప్రశ్నలోని వాక్యాన్ని సొంత మాటల్లో తిరగరాసి ఒక పరిచయ వాక్యం పెడితే 150కి దగ్గరపడతారు. 2005 లెక్కల్ని ఇందులో వదిలేశాను, గమనించండి. పది అంకెలూ వరసగా అప్పజెబితే అది పట్టికను చదివినట్టు ఉంటుంది. పదాలు తగ్గాయనిపిస్తే అంకె చేర్చకండి, పోలిక చేర్చండి: 2000లో అచ్చు పుస్తకాలు ఈ-బుక్స్‌కు 20 రెట్లు, ‘ట్వెంటీ టైమ్స్ యాజ్ మెనీ యాజ్’. ఆ ఒక్క వాక్యం మొదటి ఏడాది బొమ్మ మొత్తాన్ని కట్టిస్తుంది.

వెన్నెల_22:

అందరికీ ధన్యవాదాలు అండి. ‘కు’ సూత్రంతో నాలుగు పాత జవాబులు దిద్దుకున్నాను, ఏడు చోట్ల టు, బై తారుమారయ్యాయి. ఇంకో రెండు సందేహాలు. గ్రాఫ్‌లో రాబోయే ఏళ్ల అంచనాలు కూడా ఉంటే క్రియలు ఎలా మార్చాలి? అచ్చు పుస్తకాలు ఎందుకు తగ్గాయో కారణం రాయవచ్చా, ఫోన్ల వల్ల అని?

గీత_గణితం:

కారణం రాయకండి. గ్రాఫ్‌లో ఫోన్ల ప్రస్తావన లేదు, ఈ ప్రశ్న కోరేది ఉన్నదాన్ని వర్ణించడం వరకే. అభిప్రాయానికి రెండో ప్రశ్న ఉంది. ‘ఇంప్రూవ్డ్’, ‘వర్సెన్డ్’ లాంటి మాటలూ ఆ కోవలోవే. తీసుకెళ్లిన పుస్తకాలు పెరగడం మంచిదో కాదో గ్రాఫ్ చెప్పదు.

కాలాల విషయం: గడిచిపోయిన ఏళ్లకు రోజ్, ఫెల్ అని మామూలు భూతకాలం. ‘బై 2020’ అని ఒక గడువు పెట్టి, ఆలోపే జరిగిపోయిందని చెప్పాలంటే ‘హాడ్ రిజన్’. గ్రాఫ్ ఇవాళ్టి వరకూ ఉంటే ‘సిన్స్ 2010’తో ‘హాజ్ రిజన్’, అది 2020లో ఆగిపోతే కుదరదు. అసలు తేదీలే లేకపోతే వర్తమానం: రైజెస్, ఫాల్స్.

రాబోయే ఏళ్లకు ‘విల్ రైజ్’ అంటే తప్పకుండా జరుగుతుందని మీరు పూచీ ఇచ్చినట్టు. అవి అంచనాలు కాబట్టి ‘ఈజ్ ప్రొజెక్టెడ్ టు రీచ్’, ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు ఫాల్ టు’. ఇక్కడా రీచ్ తర్వాత టు లేదు, ఫాల్ తర్వాత ఉంది. అంచనాలు మొదలయ్యే చోట గీతను తరచు చుక్కలుగా గీస్తారు. మీ పేరా కూడా అక్కడే విరగ్గొడితే క్రియలు కలగాపులగం కావు.